ఆర్థిక సంస్థల గోప్యతా నోటీసు (అమెరికా)

గోప్యతా నోటీసు అనగా ఒక ఆర్థిక సంస్థ తన ఖాతాదారుల నుండి ఏయే వ్యక్తిగత వివరాలు సేకరిస్తున్నది, వాటిని ఎవరెవరికి ఇస్తున్నది, ఏ విధంగా భద్రపరుస్తున్నది అన్న సంగతులను వ్రాతపూర్వకంగా తెలియజేసే పత్రం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బ్యాంకులు, రుణ సంస్థలు, బీమా కంపెనీలు, షేర్ల దళారీ సంస్థలు తమ ఖాతాదారులకు ఈ నోటీసును విధిగా ఇవ్వాలి. 1999లో చేసిన గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం ఈ బాధ్యతను ఏర్పరచినది. తన వివరాలు బయటి సంస్థలకు ఇవ్వవద్దని చెప్పే హక్కును కూడా ఈ చట్టం ఖాతాదారుకు ఇచ్చినది. అయితే ఖాతాదారు తనంతట తాను "వద్దు" అని చెప్పకపోతే, అతడు అంగీకరించినట్లుగానే చట్టం భావిస్తుంది. ఈ చట్టంపై జరిగిన చర్చలలో అధికభాగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగినవి.

నేపథ్యం

1933లో వచ్చిన గ్లాస్-స్టీగల్ చట్టం అమెరికాలో సాధారణ బ్యాంకింగును, షేర్లు-బాండ్ల వ్యాపారాన్ని వేరుచేసినది. 1956 నాటి బ్యాంకు హోల్డింగ్ కంపెనీ చట్టం బ్యాంకులను బీమా వంటి ఇతర వ్యాపారాల నుండి దూరంగా ఉంచినది. కాలక్రమంలో ఈ గోడలు బలహీనపడ్డాయి. 1998లో సిటీకార్ప్ అనే బ్యాంకు సంస్థ, ట్రావెలర్స్ అనే బీమా, ఆర్థిక సేవల సంస్థ విలీనమై సిటీగ్రూప్‌గా ఏర్పడినవి. అప్పటి చట్టం ప్రకారం అటువంటి సంస్థ తన బీమా వ్యాపారాన్ని శాశ్వతంగా కొనసాగించడం కష్టం. పాత ఆంక్షలను తొలగించాలన్న ఒత్తిడికి ఈ విలీనం బలం చేకూర్చినది.

బ్యాంకు, బీమా, షేర్ల వ్యాపారం ఒకే గొడుగు క్రిందికి వస్తే ఖాతాదారుల వివరాలు కూడా ఒకేచోట చేరతాయి. ఒక వ్యక్తి ఏ ఆసుపత్రికి డబ్బు చెల్లించాడో బ్యాంకుకు తెలుసు. ఆ వివరం బీమా కంపెనీ చేతికి వెళితే ఏమగును అన్న ప్రశ్న సహజంగానే తలెత్తినది.

అప్పటికి ఉన్న రక్షణలు పరిమితమైనవి. 1970 నాటి న్యాయమైన రుణ నివేదికల చట్టం ప్రధానంగా రుణ చరిత్ర నివేదికలకు సంబంధించినది. 1976లో "అమెరికా సంయుక్త రాష్ట్రాలు వర్సెస్ మిల్లర్" కేసులో అక్కడి సుప్రీంకోర్టు, బ్యాంకు వద్ద ఉన్న రికార్డులు బ్యాంకు వ్యాపార పత్రాలే గాని ఖాతాదారు సొంత కాగితాలు కావని, వాటికి రాజ్యాంగపు నాలుగవ సవరణ రక్షణ వర్తించదని తీర్పు చెప్పినది. దీనికి స్పందనగా 1978లో ఆర్థిక గోప్యతా హక్కు చట్టం వచ్చినది. అయితే అది ఫెడరల్ ప్రభుత్వం ఖాతాల వివరాలు అడగడాన్ని మాత్రమే నియంత్రించినది. ఒక ప్రైవేటు సంస్థ మరొక ప్రైవేటు సంస్థకు వివరాలు అమ్మడం దాని పరిధిలోకి రాలేదు.

1999 జూన్‌లో మిన్నెసోటా రాష్ట్ర అటార్నీ జనరల్ మైక్ హాచ్, యు.ఎస్. బ్యాంకుపై దావా వేశారు. ఖాతాదారుల వివరాలను మెంబర్‌వర్క్స్ అనే టెలీమార్కెటింగ్ సంస్థకు రుసుము తీసుకొని ఇచ్చినదన్నది ఆరోపణ. ఆ దావా కొద్దికాలంలోనే రాజీతో ముగిసినది. కొత్త చట్టం కాంగ్రెసు చర్చలో ఉన్న సమయంలోనే ఇది జరగడం వలన గోప్యత ముఖ్యమైన అంశంగా మారినది. ప్రతినిధుల సభలో ఎడ్వర్డ్ మార్కీ, సెనేటులో రిచర్డ్ షెల్బీ మరింత కట్టుదిట్టమైన రక్షణలు కోరారు. ఒకరు డెమొక్రాటు, మరొకరు రిపబ్లికన్ కావడం గమనార్హం. ఖాతాదారు ముందుగా అంగీకరిస్తేనే వివరాలు ఇవ్వాలన్నది వారి వాదన. చివరకు నోటీసు ఇచ్చి, వద్దనే అవకాశం కల్పిస్తే చాలునన్న రాజీ కుదిరినది.

1999 నవంబరు 12న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ చట్టంపై సంతకం చేశారు. సెనేటర్ ఫిల్ గ్రామ్, ప్రతినిధులు జిమ్ లీచ్, థామస్ బ్లైలీ పేర్ల మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది. గోప్యతకు సంబంధించిన నిబంధనలు చట్టంలోని అయిదవ భాగంలో ఉన్నాయి.

అమలు చేసే సంస్థలు

చట్టం స్థూలమైన సూత్రాలను మాత్రమే చెప్పి, వివరమైన నియమాలను వ్రాసే పనిని నియంత్రణ సంస్థలకు అప్పగించినది. 2000లో వెలువడిన నియమాలను ఆర్థిక సంస్థలు 2001 జూలై 1 నాటికి పాటించవలసి వచ్చినది. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం తరువాత నియమాలు వ్రాసే అధికారంలో అధికభాగం 2011లో వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరోకు బదిలీ అయినది. ఆ బ్యూరో నియమావళికి "రెగ్యులేషన్ పి" అని పేరు. షేర్ల దళారులు, పెట్టుబడి సలహాదారులు సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ వారి "రెగ్యులేషన్ ఎస్-పి"ని పాటించాలి. బీమా కంపెనీలు రాష్ట్రాల బీమా అధికారుల పరిధిలో ఉన్నాయి. మోటారు వాహనాల డీలర్లలో పలువురికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమాలు వర్తిస్తాయి.

ఎవరికి వర్తిస్తుంది

ఆర్థిక సంస్థలు

ఈ చట్టంలో "ఆర్థిక సంస్థ" అన్న మాటకు అర్థం చాలా విస్తృతమైనది. బ్యాంకులే కాక ఇళ్ళ రుణాలు కుదిర్చే దళారులు, చెక్కులు తీసుకొని నగదు ఇచ్చే దుకాణాలు, జీతం రాకముందే చిన్న అప్పులిచ్చేవారు, ఆదాయపు పన్ను రిటర్నులు తయారుచేసేవారు, అప్పు వసూలు సంస్థలు కూడా ఇందులోకి వస్తారు. సొంత అప్పు ఏదీ ఇవ్వకుండా, ఇతర బ్యాంకుల కార్డులను మాత్రమే స్వీకరించే దుకాణం ఆర్థిక సంస్థ కాదు. న్యాయవాదులు కూడా ఈ పరిధిలోకి వస్తారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ భావించగా, అమెరికన్ బార్ అసోసియేషన్ వేసిన కేసులో 2005లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చినది.

వినియోగదారు, ఖాతాదారు

నియమాలు వినియోగదారుకు, ఖాతాదారుకు మధ్య భేదాన్ని పాటిస్తాయి. వ్యక్తిగత, కుటుంబ లేదా గృహ అవసరాలకు ఆర్థిక సేవ పొందిన ప్రతి వ్యక్తీ వినియోగదారే. ఆ సంస్థతో నిలకడైన సంబంధం ఉన్నవారు మాత్రమే ఖాతాదారులు. ఉదాహరణకు, ప్రయాణంలో ఉన్న వ్యక్తి తనకు ఖాతా లేని బ్యాంకు ఏటీఎం నుండి డబ్బు తీసుకుంటే అతడు ఆ బ్యాంకుకు వినియోగదారు మాత్రమే. అదే బ్యాంకులో పొదుపు ఖాతా తెరిస్తే ఖాతాదారు అవుతాడు. రుణానికి దరఖాస్తు చేసినవారు వినియోగదారులు. రుణం తీసుకున్నవారు ఖాతాదారులు.

ఈ భేదం వలన ఆచరణలో తేడా ఉన్నది. ఖాతాదారుకు నోటీసు తప్పక ఇవ్వాలి. కేవలం వినియోగదారు అయినవారికి, మినహాయింపులు వర్తించని రీతిలో వారి వివరాలను బయటి సంస్థలకు ఇవ్వదలచినప్పుడు మాత్రమే నోటీసు ఇవ్వాలి. వ్యాపార సంస్థల పేరిట ఉన్న ఖాతాలకు ఈ చట్టం వర్తించదు.

ఏ సమాచారానికి రక్షణ

చట్టం రక్షించేది "బహిరంగం కాని వ్యక్తిగత సమాచారం". ఖాతాదారు దరఖాస్తులో వ్రాసిన ఆదాయం, సోషల్ సెక్యూరిటీ సంఖ్య, ఖాతాలోని నిల్వ, చెల్లింపుల చరిత్ర, రుణ నివేదికలోని వివరాలు దీని క్రిందికి వస్తాయి. ఒక వ్యక్తి ఫలానా బ్యాంకు ఖాతాదారు అన్న సంగతి కూడా రక్షిత సమాచారమే. టెలిఫోను డైరెక్టరీలో అచ్చయిన నంబరు, ప్రభుత్వ రికార్డులలో నమోదైన ఆస్తి తనఖా వంటివి బహిరంగ సమాచారం. అయితే బహిరంగమైన పేర్లు, నంబర్లు అయినప్పటికీ, "మా బ్యాంకులో అప్పు తీసుకున్నవారి జాబితా" అన్న రూపంలో కూర్చినప్పుడు సాధారణంగా ఆ జాబితా రక్షిత సమాచారమవుతుంది. ఆ పేర్లను అప్పుతో ముడిపెట్టిన వివరం బహిరంగం కాకపోవడమే ఇందుకు కారణం.

నోటీసు ఇవ్వవలసిన సందర్భాలు

నోటీసులు ప్రధానంగా మూడు విధాలు.

ప్రారంభ నోటీసు: ఖాతాదారు సంబంధం ఏర్పడే సమయానికి, అనగా ఖాతా తెరిచే లేదా రుణ ఒప్పందం కుదిరే నాటికి ఇవ్వాలి.

వార్షిక నోటీసు: ఆ సంబంధం కొనసాగినంత కాలం ప్రతి 12 నెలలలో కనీసం ఒకసారి ఇవ్వాలి. 2015 డిసెంబరులో వచ్చిన ఒక సవరణ దీనికి ముఖ్యమైన మినహాయింపు ఇచ్చినది. చట్టం అనుమతించిన మినహాయింపుల పరిధిలోనే వివరాలు ఇచ్చే సంస్థ, గత నోటీసు తరువాత తన విధానాన్ని మార్చకపోతే, ఏటా నోటీసు పంపనవసరం లేదు. ఈ సవరణకు అనుగుణంగా రెగ్యులేషన్ పి 2018లో మార్చబడినది.

సవరించిన నోటీసు: ఇంతకు ముందు చెప్పని కొత్త రకం వివరాలను, లేదా కొత్త రకం బయటి సంస్థలకు ఇవ్వదలచినప్పుడు, ఇవ్వడానికి ముందే కొత్త నోటీసు పంపి, వద్దనడానికి తగిన వ్యవధి మళ్ళీ ఇవ్వాలి.

నోటీసు వ్రాతపూర్వకంగా ఉండాలి. ఖాతాదారు ఒప్పుకుంటే ఎలక్ట్రానిక్ రూపంలో పంపవచ్చును. బ్యాంకు శాఖలో గోడకు అంటించడం లేదా నోటిమాటగా చెప్పడం మాత్రమే సరిపోదు. నోటీసు స్పష్టంగా, ప్రస్ఫుటంగా ఉండాలి. అనగా సులభంగా అర్థమయ్యే మాటలతో, కంటికి కనబడే రీతిలో ఉండాలి.

నోటీసులో ఉండవలసిన అంశాలు

* సేకరించే వివరాల రకాలు
* ఇతరులకు ఇచ్చే వివరాల రకాలు
* వాటిని పొందే అనుబంధ సంస్థల, బయటి సంస్థల రకాలు
* మాజీ ఖాతాదారుల వివరాలను ఏమి చేస్తారన్న సంగతి
* సేవలందించే సంస్థలతోను, ఉమ్మడి ప్రచారం చేసే ఇతర ఆర్థిక సంస్థలతోను పంచుకునే వివరాలు
* వద్దనే హక్కు, దానిని వినియోగించుకునే పద్ధతి
* వివరాల గోప్యతను, భద్రతను కాపాడే విధానం

వివరాలు పొందే కంపెనీల పేర్లన్నీ వ్రాయాలని చట్టం కోరదు. రకాలు చెబితే చాలును. "ఇళ్ళ రుణాల కంపెనీలు", "బీమా కంపెనీలు", "పత్రికా ప్రచురణకర్తలు" వంటి మాటలు నోటీసులలో కనబడడానికి ఇదే కారణం.

వద్దనే హక్కు

బయటి సంస్థలకు వివరాలు ఇచ్చే ముందు ఖాతాదారుకు వద్దనడానికి తగిన వ్యవధి, తగిన మార్గం చూపాలి. దీనిని అమెరికాలో ఆప్ట్-అవుట్ అంటారు. 30 రోజులు తగిన వ్యవధిగా నియమాలు ఉదాహరిస్తున్నాయి. టిక్కు పెట్టే గడులున్న ఫారం, ఉచిత టెలిఫోను నంబరు, వెబ్‌సైటు వంటివి తగిన మార్గాలు. ఖాతాదారు సొంతంగా ఉత్తరం వ్రాసి పంపడమే ఏకైక మార్గమైతే అది తగిన మార్గం కాదు.

ఈ హక్కు విషయంలో గుర్తుంచుకోదగిన అంశాలు కొన్ని ఉన్నాయి. మొదటి 30 రోజులు దాటినంత మాత్రాన హక్కు పోదు. ఎప్పుడైనా వద్దని చెప్పవచ్చును. అయితే అప్పటికే బయటకు వెళ్ళిన వివరాలు వెనక్కి రావు. ఒకసారి వద్దని చెబితే, ఖాతాదారు తానే వ్రాతపూర్వకంగా, లేదా ఒప్పుకున్నచో ఎలక్ట్రానిక్ పద్ధతిలో, దానిని రద్దు చేసేవరకు అది చెల్లుతుంది. ఉమ్మడి ఖాతాలో ఎవరైనా ఒకరు ఈ హక్కును వినియోగించుకోవచ్చును.

మినహాయింపులు

వద్దనే హక్కు అన్ని సందర్భాలకు వర్తించదు. ఖాతాదారు వద్దన్నప్పటికీ ఈ క్రింది సందర్భాలలో వివరాలు ఇవ్వవచ్చును.

* ఖాతాదారు కోరిన లావాదేవీని పూర్తిచేయడానికి, ఖాతాను నిర్వహించడానికి
* మోసాలను నివారించడానికి
* రుణ చరిత్ర సంస్థలకు నివేదించడానికి
* కోర్టు ఉత్తర్వులను, ప్రభుత్వ తనిఖీలను పాటించడానికి
* సంస్థ తరఫున పనిచేసే కంపెనీలకు, ఉమ్మడి ప్రచార ఒప్పందం ఉన్న ఇతర ఆర్థిక సంస్థలకు

చివరి సందర్భంలో ఆ సంగతిని నోటీసులో తెలపాలి. పొందిన వివరాలను వేరే పనికి వాడరాదని ఒప్పందంలో వ్రాసుకోవాలి. బయటి సంస్థ తాను పొందిన వివరాలను తిరిగి ఇతరులకు ఇవ్వడంపై కూడా చట్టం పరిమితులు విధించినది.

దీనికి భిన్నంగా, ఒక విషయంలో సూటి నిషేధమున్నది. ఖాతా సంఖ్యలను, క్రెడిట్ కార్డు సంఖ్యలను, వాటిని వాడే సంకేత సంఖ్యలను టెలీమార్కెటింగు, ఉత్తరాలు లేదా ఈమెయిలు ద్వారా ప్రచారం చేసే బయటి సంస్థలకు ఇవ్వరాదు. ఇక్కడ ఖాతాదారు వద్దన్నాడా లేదా అన్న ప్రశ్న లేదు.

అనుబంధ సంస్థలు

గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం ఒకే యాజమాన్యం క్రింద ఉన్న అనుబంధ సంస్థల మధ్య వివరాల మార్పిడిని నిరోధించదు. ఈ విషయంలో న్యాయమైన రుణ నివేదికల చట్టం కొంత రక్షణ ఇస్తుంది. ఖాతాదారు దరఖాస్తు లేదా రుణ నివేదిక నుండి వచ్చిన రుణయోగ్యతా వివరాలను అనుబంధ సంస్థలకు ఇవ్వవద్దని అతడు చెప్పవచ్చును. అనుబంధ సంస్థలు ఆ వివరాలతో తనకు ప్రచారం చేయరాదని చెప్పే హక్కు 2003 నాటి సవరణతో వచ్చినది. దీనికి కనీసం 5 సంవత్సరాల చెల్లుబాటు ఉంటుంది. కాని ఖాతాదారు ఆ సంస్థతోనే జరిపిన లావాదేవీల వివరాలు అనుబంధ సంస్థలకు చేరకుండా ఆపే హక్కు ఫెడరల్ చట్టంలో లేదు.

నమూనా పత్రం

2001లో మొదటిసారిగా వచ్చిన నోటీసులు న్యాయవాదుల భాషలో, చిన్న అక్షరాలలో, అనేక పుటలు ఉండేవి. చాలామంది వాటిని ప్రకటనల కాగితాలుగా భావించి పారవేశారు. అప్పటి నోటీసులపై జరిగిన ఒక పరిశీలనలో వాటి భాష కళాశాల పై తరగతుల స్థాయిలో ఉన్నట్లు తేలినది. దీనితో 2006లో కాంగ్రెసు, అందరికీ అర్థమయ్యే నమూనా పత్రం తయారుచేయాలని ఆదేశించినది. సామాన్య పాఠకులతో చదివించి పరీక్షించిన మీదట 8 ఫెడరల్ సంస్థలు కలిసి 2009లో దానిని విడుదల చేశాయి.

ఈ నమూనా రెండు పుటలలో ఉంటుంది. మొదటి పుటపై "వాస్తవాలు" అన్న శీర్షిక, ఎందుకు, ఏమిటి, ఎలా అన్న మూడు ప్రశ్నలు ఉంటాయి. వాటి క్రింద ఒక పట్టిక ఉంటుంది. వివరాలు పంచుకునే ఏడు కారణాలు ఎడమవైపు వరుసగా ఉంటాయి. ప్రతి కారణానికి ఎదురుగా "మేము పంచుకుంటామా?", "మీరు దీనిని పరిమితం చేయగలరా?" అన్న రెండు గడులలో అవును లేదా కాదు అన్న జవాబు ఉంటుంది. అక్షరాల పరిమాణం 10 పాయింట్లకు తగ్గరాదు. ఈ నమూనాను వాడడం ఐచ్ఛికం. అయితే దానిని యథాతథంగా వాడిన సంస్థ నోటీసు విషయాలకు సంబంధించిన నియమాలను పాటించినట్లుగా పరిగణించబడుతుంది. అందువలన ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చినది.

ఈ పత్రాన్ని చదివేవారు ముందుగా రెండవ గడి చూడడం మంచిది. అక్కడ "అవును" అని ఉన్న వరుసలలో మాత్రమే ఖాతాదారు చేయగలిగినది ఉంటుంది.

ఉల్లంఘనలపై చర్యలు

ఈ చట్టం ఉల్లంఘించబడితే ఖాతాదారు నేరుగా ఈ చట్టం క్రింద దావా వేయడానికి వీలులేదని కోర్టులు చెబుతూ వచ్చాయి. చర్య తీసుకునే అధికారం నియంత్రణ సంస్థలదే. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆన్‌లైనులో పన్ను రిటర్నులు తయారుచేసే టాక్స్‌స్లేయర్ సంస్థపై చర్య తీసుకున్నది. గోప్యతా విధానాన్ని పొడవైన లైసెన్సు ఒప్పందం చివరిలో ఇరికించినదన్నది ఆరోపణలలో ఒకటి. 2018లో వెన్మో అనే డబ్బు చెల్లింపుల సేవ విషయంలో పేపాల్ సంస్థపై వచ్చిన ఆరోపణలలో నోటీసు ప్రస్ఫుటంగా లేకపోవడం కూడా ఉన్నది. రెండు వ్యవహారాలూ రాజీ ఒప్పందాలతో ముగిశాయి.

రాష్ట్రాల చట్టాలు

ఇంతకంటే ఎక్కువ రక్షణ ఇచ్చే చట్టాలు చేసుకునే స్వేచ్ఛను గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం రాష్ట్రాలకు వదిలిపెట్టినది. ఉత్తర డకోటాలో ముందస్తు అంగీకారం కోరే పాత చట్టాన్ని 2001లో శాసనసభ సడలించగా, 2002 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 70 శాతానికి పైగా ఓటర్లు ఆ సడలింపును తిరస్కరించారు. కాలిఫోర్నియా 2003లో చేసిన చట్టం 2004 జూలై నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం బయటి సంస్థలకు వివరాలు ఇవ్వడానికి ఖాతాదారు ముందుగా అంగీకరించాలి. అనుబంధ సంస్థలకు సంబంధించిన భాగాన్ని మాత్రం ఫెడరల్ కోర్టు తీర్పులు పరిమితం చేశాయి. వెర్మాంట్ రాష్ట్రంలోనూ ముందస్తు అంగీకార పద్ధతి ఉన్నది.

విమర్శలు

మౌనాన్ని అంగీకారంగా భావించడం ఈ చట్టంపై ఉన్న ప్రధాన విమర్శ. నోటీసు చదవని వ్యక్తి, చదివినా అర్థంకాని వ్యక్తి, అర్థమైనా ఫోను చేయడానికి తీరిక లేని వ్యక్తి, ముగ్గురూ ఒప్పుకున్నవారి క్రిందనే లెక్క. అనుబంధ సంస్థలకు, ఉమ్మడి ప్రచారానికి ఉన్న మినహాయింపుల వలన పెద్ద సంస్థల ఖాతాదారులకు ఈ హక్కు పరిమితంగానే ఉపయోగపడుతుందని గోప్యతా వాదులు అంటారు. మరొకవైపు, ముందస్తు అంగీకారం తప్పనిసరి చేస్తే సేవల ఖర్చు పెరుగుతుందని, ఖాతాదారులకు ఉపయోగపడే సేవలు వారికి చేరవని బ్యాంకుల వాదన. తన విధానాన్ని నలుగురికీ కనబడేలా వ్రాయవలసి రావడం వలన ప్రతి సంస్థ తన పద్ధతులను తానే పరిశీలించుకోవలసి వచ్చినదని మరికొందరి అభిప్రాయం.

భారతదేశంతో పోలిక

అమెరికాలో చదువుకు, ఉద్యోగానికి వెళ్ళిన తెలుగువారు అక్కడ బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు ఈ నోటీసును అందుకుంటారు. చట్టం వ్యక్తి అన్న మాటనే వాడినది గాని పౌరుడు అనలేదు. కనుక వీసాపై ఉన్నవారికి కూడా ఈ హక్కులు వర్తిస్తాయి.

భారతదేశంలో బ్యాంకు రికార్డుల గోప్యతపై వచ్చిన ముఖ్యమైన తీర్పులలో ఒకటి ఆంధ్ర ప్రదేశ్‌కు సంబంధించినది. స్టాంపు సుంకం ఎగవేతను కనిపెట్టడానికి, బ్యాంకులలో ఉన్న పత్రాలను తనిఖీ చేసే అధికారం కల్పిస్తూ ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టాన్ని సవరించినది. "జిల్లా రిజిస్ట్రారు మరియు కలెక్టరు, హైదరాబాదు వర్సెస్ కెనరా బ్యాంకు" కేసులో సుప్రీంకోర్టు 2004 నవంబరులో ఆ సవరణ చెల్లదన్నది. అమెరికా మిల్లర్ తీర్పును చర్చించి, ఆ బాటను అనుసరించలేదు. పత్రాలు బ్యాంకు చేతికి వెళ్ళినంత మాత్రాన వ్యక్తి గోప్యత పోదని స్పష్టం చేసినది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించినది.

2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం బ్యాంకులకే పరిమితం కాక అన్ని రంగాలకు సంబంధించినది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేయబడినది. చట్టం గుర్తించిన కొన్ని సందర్భాలు మినహా వ్యక్తి స్పష్టంగా అంగీకారం తెలపాలని, మౌనం చాలదని ఈ చట్టం చెబుతున్నది. అంగీకారం కోరే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనాగాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22 భాషలలో తెలుగు ఒకటి.

ఇవి కూడా చూడండి

* గ్లాస్-స్టీగల్ చట్టం
* గోప్యతా హక్కు
* క్రెడిట్ స్కోరు
* డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023